కాపర్ టీ నొప్పి: ‘అందరికీ ఉంటది’ అంటే సరిపోదు

ప్రశ్న: అక్కా, మాది ఆత్మకూరు వైపు ఒక ఊరు. నాకు 28 ఏండ్లు. ఇద్దరు పిల్లలు, రెండు కాన్పులూ పెద్ద ఆపరేషనే. చిన్నోడికి ఇప్పుడు పది నెలలు, ఇంకా పాలిస్తున్న. వాడు మూడు నెలలున్నప్పుడు దవాఖానల గర్భం రాకుండ కాపర్ టీ వేయించుకున్న. వేసేటప్పుడు పాణం పోయినంత పనైంది. చెమటలు పట్టి కండ్లు తిరిగినై. "ఇద్దరిని కన్నవ్, దీనికింత ఒర్రుడా" అని సిస్టర్ కసురుకున్నది. నెలసరి మళ్ల మొదలైన కాన్నుంచి ఏడెనిమిది రోజులు బ్లీడింగ్ అయితంది, గడ్డలు గడ్డలుగ పోతంది. రెండు నెలల సంది నెలసరి లేనప్పుడు కూడ పొత్తికడుపుల గుంజుతంది. పత్తి ఏరేటప్పుడు వంగితే ఇంకా ఎక్కువైతంది. తెల్లబట్ట కూడ ఎక్కువైంది. మా ఆయనతోని ఉన్నప్పుడు నొప్పి లేస్తంది, ఆయనకేమో దారం గుచ్చుతందట. తీసెయ్యమని పోతే "అందరికీ ఉంటది, సర్దుకుంటది, కార్డు మీద పదేండ్లు అని ఉంది కద" అని పంపించిన్రు. అది పైకి పోయి గుండెకు తాకుతదని వాడకట్టుల అంటున్నరు. మా అత్తమ్మ లూపు కాలం నాటి ముచ్చట్లు చెప్పి భయపెడతది, పిల్లల ఆపరేషన్ చేయించుకుంటె పీడ పోతది అంటది. మా ఆయన ఎనుమాముల మార్కెట్ల హమాలీ. నేనేం చెయ్యాలె? పేరు వేయకండి.

సమాధానం: చెల్లె, ముందు సూటిగా చెబుతాను. మీరు ఈ వారంలోనే గైనకాలజిస్టుకు చూపించుకోవాలి. పత్తి ఏరుడు అయిపోయాక పోదాంలే అనుకోకండి. డాక్టర్ పరీక్ష చేసి, స్కానింగ్‌లో కాపర్ టీ ఎక్కడుందో చూశాక, ఉంచుకోవడమా తీయించుకోవడమా అన్నది మీ ఇష్టం. స్కానింగ్‌లో అంతా బాగుందని వచ్చినా సరే, "నాకొద్దు, తీసేయండి" అంటే తీయాల్సిందే. కారణం చెప్పాల్సిన పని లేదు, భర్త సంతకమూ అక్కర్లేదు. కార్డు మీదున్న పదేళ్లు ఆ వస్తువు పనిచేసే గడువు. అన్నాళ్లూ ఉంచుకుంటానని మీరేం బాండు రాసివ్వలేదు.

ఇక సిస్టర్ అన్న మాట. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది అదే. మర్యాద సంగతి పక్కన పెట్టినా, వైద్యపరంగా కూడా ఆ మాట తప్పు. మామూలు కాన్పులో గర్భసంచి మూతి పది సెంటీమీటర్ల దాకా తెరుచుకుంటుంది. ఒకసారి అలా సాగిన మూతి మళ్లీ మొదట్లో ఉన్నంత బిగువుగా ఉండదు, అందుకే అలాంటి వాళ్లకు కాపర్ టీ కొంత తేలిగ్గా లోపలికి పోతుంది. మీకు రెండు కాన్పులూ ఆపరేషనే. నొప్పులు రాకముందే ఆపరేషన్ అయిన వాళ్లకైతే ఆ మూతి ఎన్నడూ తెరుచుకోనే లేదు. మన దగ్గర ముహూర్తం చూసుకుని మరీ కోయించుకునే వాళ్లు తక్కువేం కాదు. వాళ్లు ఇద్దరిని కన్నా ముగ్గురిని కన్నా, కాపర్ టీ వేసేటప్పుడు పడే బాధ అసలు కాన్పే కాని ఆడపిల్ల పడే బాధకు దగ్గరగా ఉంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో నూటికి 60 కాన్పులు ఆపరేషన్లేనని తేలింది, దేశంలోకెల్లా ఎక్కువ మన దగ్గరే. అంటే కాపర్ టీ బల్ల మీద పడుకునే మన ఆడవాళ్లలో చాలామంది మీలాంటి వాళ్లే. ఈ సంగతి వార్డులో పనిచేసే వాళ్లకు తెలియకపోతే ఎలా?

వేసేటప్పుడు లోపల ఏం జరుగుతుందో కూడా మీకెవరూ చెప్పి ఉండరు. మొదట ఒక పరికరంతో యోని దారిని వెడల్పు చేస్తారు, అక్కడ ఒత్తిడి తప్ప పెద్ద నొప్పి ఉండదు. తర్వాత గర్భసంచి మూతి కదలకుండా దాని పెదవిని కొక్కెం లాంటి పట్టకారుతో పట్టుకుంటారు. చురుక్కుమనేది అప్పుడు. ఆ తర్వాత సన్నని కడ్డీని లోపలికి పోనిచ్చి గర్భసంచి ఎంత లోతుందో కొలుస్తారు. కడుపును లోపలి నుంచి పిండినట్టు వచ్చే నొప్పి, చెమటలు, కళ్లు తిరగడం చాలామందికి ఇక్కడ, లేదా దీని వెంటనే కాపర్ టీని వదిలేటప్పుడు వస్తాయి. గర్భసంచి మూతిని కదిపితే అక్కడి నరాల వల్ల కొందరికి గుండె వేగం, బీపీ ఒక్కసారిగా పడిపోతాయి. మనిషి సోలిపోతుంది. ఇది శరీరం చేసే పని. మనసు గట్టి చేసుకుంటే ఆగేది కాదు, భయస్తులకే వచ్చేదీ కాదు. కాళ్లు కొంచెం ఎత్తులో పెట్టి పడుకోబెడితే కాసేపటికి తేరుకుంటారు. ఆ కాసేపు పక్కన నిలబడి చెయ్యి పట్టుకోవాల్సింది పోయి మిమ్మల్ని కసురుకున్నారు.

ఈ నొప్పి తగ్గించడానికి దారులు లేకపోలేదు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2024లో తన సూచనలను మార్చింది. నొప్పి గురించి ముందే మాట్లాడాలని, మూతి దగ్గర లిగ్నోకైన్ మత్తు ఇంజెక్షన్‌గానో, జెల్ లేదా స్ప్రేగానో ఇస్తే నొప్పి తగ్గొచ్చని అందులో రాసింది. ఆ లిగ్నోకైన్ కొత్త మందేం కాదు. కుట్లు వేసే ప్రతి దవాఖానలో ఉండేదే, పళ్ల డాక్టర్ వాడేదీ అదే. మన దగ్గర కాపర్ టీకి వాడే అలవాటు తక్కువ, అందుకే అడగాలి. ముందుగా వేసుకునే నొప్పి గోలీ, కాపర్ టీ వేసే క్షణంలో పెద్దగా పనిచేయదు గానీ ఇంటికొచ్చాక వచ్చే నొప్పిని తగ్గిస్తుంది. మీ చెల్లెలో వదినో ఎవరైనా వేయించుకోబోతుంటే ఈ మాటలు చెప్పండి. కడుపు మాడ్చుకుని పోవద్దని, "ఆపండి అంటే ఆపుతారా?" అని బల్ల ఎక్కకముందే అడగమని కూడా చెప్పండి.

ఇప్పుడు "సర్దుకుంటది" సంగతి. అందులో నిజం లేకపోలేదు. కాపర్ టీ మీది రాగి గర్భసంచి లోపలి పొరను కొంచెం రేపుతుంది. వీర్యకణాలు బతకకుండా చేసేది ఆ మార్పే. దాని వల్లే ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థాలు ఎక్కువగా విడుదలై గర్భసంచి గట్టిగా ముడుచుకుంటుంది, రక్తం ఎక్కువ పోతుంది. అంటే గర్భం ఆపే పనీ, నొప్పి పెట్టే పనీ ఒకే చోట నుంచి వస్తున్నాయి. మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో శరీరం అలవాటు పడి చాలామందికి ఇవి తగ్గుతాయి. కానీ మీకు ఏడు నెలలైంది. నొప్పి తగ్గాల్సిన టైంలో పెరుగుతోంది. నెలసరి లేని రోజుల్లోనూ వస్తోంది, కలిసినప్పుడు వస్తోంది, తెల్లబట్ట ఎక్కువైంది. దీన్ని ఆ మొదటి నెలల నొప్పి లెక్కలో వేసి మిమ్మల్ని ఇంటికి పంపడం సరికాదు.

ఇలా ఉన్నప్పుడు డాక్టర్లు మూడు విషయాలు చూస్తారు. కాపర్ టీ కిందికి జారి గర్భసంచి మూతిలో ఇరుక్కుందా అన్నది ఒకటి. అలా జారితే నొప్పి, బ్లీడింగ్ రెండూ పెరుగుతాయి, గర్భం రాకుండా ఆపుతుందన్న నమ్మకమూ ఉండదు. కలిసినప్పుడు మీ ఆయనకు గుచ్చుకుంటోందంటే అది కాపర్ టీకి వేలాడే దారమా, జారి వచ్చిన ప్లాస్టిక్ కొసా అన్నది కూడా చూడాలి. ఇన్‌ఫెక్షన్ ఉందా అన్నది రెండోది. తెల్లబట్ట వాసన వస్తున్నా, పసుపుగానో పచ్చగానో ఉన్నా చెప్పండి. గర్భసంచి గోడలో గుచ్చుకుందా అన్నది మూడోది. ఇది అరుదు, వెయ్యి మందిలో ఒకరిద్దరికి అవుతుంది. పాలిచ్చే తల్లుల్లో గర్భసంచి గోడ మెత్తగా ఉంటుంది కాబట్టి కాన్పైన తొలి నెలల్లో వేసినప్పుడు ఆ ప్రమాదం ఎక్కువ. మీరు ఆ గుంపులోనే ఉన్నారు గనుక స్కానింగ్ లేకుండా "ఏం కాదులే" అంటే ఒప్పుకోకండి. స్కానింగ్‌లో కనిపించకపోతే పొట్ట ఎక్స్‌రే తీస్తారు, రాగి అందులో తెల్లగా స్పష్టంగా కనిపిస్తుంది.

"గుండెకు తాకుతది" అన్న మాట మాత్రం వదిలేయండి. కాపర్ టీ నిలువునా 36, అడ్డంగా 32 మిల్లీమీటర్లు, పొడవులో అగ్గిపుల్లంత కూడా ఉండదు. గర్భసంచి నుంచి గుండెకు అది పోయే దారే లేదు. ఎంత అరుదుగా గోడ దాటినా కడుపులోనే ఉంటుంది, చిన్న రంధ్రాల ద్వారా లాప్రోస్కోపీతో తీస్తారు.

మీ అత్తమ్మ భయాన్ని మాత్రం కొట్టిపారేయలేను. ఆమె తరం వాళ్లు, వాళ్ల అమ్మల తరం వాళ్లు విన్నది 1965లో మన దేశంలో మొదలుపెట్టిన లిప్పీస్ లూపు గురించి. పాములా మెలికలు తిరిగిన ప్లాస్టిక్ అది. క్యాంపులు పెట్టి లక్షల మందికి వేశారు. వేసిన తర్వాత రక్తం పోతోంది, నొప్పి లేస్తోంది అని వచ్చిన వాళ్లను పట్టించుకున్న వాళ్లు తక్కువ. ఆ చెడ్డపేరు ఊళ్లలో ఇన్నేళ్లైనా పోలేదు. నిజానికి టీ ఆకారం పుట్టిందే ఆ నొప్పి తగ్గించడానికి. గర్భసంచి లోపలి ఆకారానికి సరిపోతే తక్కువ ఒరుసుకుంటుందని హోవార్డ్ టేటమ్ అనే అమెరికా డాక్టర్ చిన్న ప్లాస్టిక్ టీ చేశాడు. అది ఒక్కటే గర్భాన్ని సరిగా ఆపలేకపోతే, చిలీ దేశపు డాక్టర్ హైమె జిప్పర్ కనిపెట్టిన రాగి గుణాన్ని దానికి జోడించారు. వస్తువు అప్పటికంటే చాలా మెరుగైంది. వచ్చి చెప్పుకున్న వాళ్లను "సర్దుకుంటది" అని పంపించే అలవాటే 1965లో ఉన్నట్టు ఉంది.

ఎక్కడికి వెళ్లాలంటే, మీకు దగ్గర హన్మకొండ ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రి, లేదంటే వరంగల్ సీకేఎం ఆస్పత్రి. రెండు చోట్లా గైనిక్ ఓపీ, స్కానింగ్ ఉంటాయి. ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం కాబట్టి పైసలెట్లాగూ పెట్టక్కర్లేదు, ఆధార్ కార్డుతో పాటు కాపర్ టీ కార్డు కూడా పట్టుకెళ్లండి. ఓపీలో మీకు దొరికేది మూడు నాలుగు నిమిషాలే కాబట్టి "మంచిగ లేదక్కా" అని ఆపేయకండి. ఎన్ని రోజులు పోతోంది, ఎక్కువ ఉన్న రోజు ఎన్ని ప్యాడ్లు, గడ్డలు ఎంత సైజు, నెలసరి లేనప్పుడు నొప్పి ఎప్పటి నుంచి, దాని వల్ల ఎన్ని రోజులు కూలికి పోలేదు, ఇవన్నీ వరుసగా చెప్పండి. కూలి పోయిన రోజుల లెక్క చెప్తే డాక్టర్ చెయ్యి రాయడం ఆపి తల పైకెత్తుతుంది, నేను చూశాను. ఆశా అక్కను తోడు తీసుకెళ్తే ఇంకా మంచిది.

హిమోగ్లోబిన్ పరీక్ష తప్పకుండా అడగండి. పైన చెప్పిన ఆరోగ్య సర్వేలోనే మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తం తక్కువని తేలింది. మీకు నెలకు ఏడెనిమిది రోజులు పోతోంది, పైగా పాలిస్తున్నారు. 12 కంటే తక్కువుంటే ఐరన్ గోలీలు మొదలుపెడతారు. వాటిని చాయ్‌తో మాత్రం వేసుకోవద్దు, చాయ్ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు.

చూపించుకునే లోపు నెలసరి వస్తే, కడుపులో పుండ్లు, కిడ్నీ జబ్బు, ఆస్తమా లాంటివి లేకపోతే, ఐబూప్రొఫెన్ 400 తిన్న తర్వాత రోజుకు రెండు మూడు సార్లు వేసుకోవచ్చు. మొదటి రోజే మొదలుపెట్టి మూడు నుంచి ఐదు రోజులు వాడితే నొప్పి, బ్లీడింగ్ రెండూ కొంత తగ్గుతాయి. పాలిచ్చే తల్లులకు ఫరవాలేదు. మెడికల్ షాపులో "నెలసరి నొప్పి" అనగానే మెఫ్టాల్ స్పాస్ చేతిలో పెడతారు. అందులో డైసైక్లోమిన్ కలిసి ఉంటుంది, పాలిస్తున్నంత కాలం అది వద్దు. రక్తం తగ్గడానికి ఇచ్చే ట్రానెగ్జామిక్ యాసిడ్ డాక్టర్ రాస్తేనే వాడండి.

ఈ లోపల పొత్తికడుపు నొప్పితో జ్వరం వచ్చినా, గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, చెడు వాసనతో తెల్లబట్ట అవుతున్నా ఆ రోజే వెళ్లండి. నెల తప్పి ఒక పక్క నొప్పి, కళ్లు తిరగడం ఉంటే అసలు ఆగవద్దు, 108కి ఫోన్ చేయండి. కాపర్ టీ ఉండగా గర్భం రావడం అరుదే, వస్తే మాత్రం అది గర్భసంచిలో కాకుండా ట్యూబులో వచ్చిందేమో వెంటనే చూడాలి.

స్కానింగ్‌లో అన్నీ సరిగ్గా ఉండి, గోలీలతో నొప్పి అదుపులోకొస్తే ఉంచుకోవచ్చు. దారం సంగతి చిన్నది. మరీ కురచగా కోస్తే కొస గుచ్చుకుంటుంది, పొడుగ్గా ఉంటే గర్భసంచి మూతి చుట్టూ మెత్తగా పడుకుంటుంది. డాక్టర్ దాన్ని లోపలికి మడవడమో, మూతి దాకా కోయడమో చేస్తారు. మూతి దాకా కోస్తే తీసేటప్పుడు కొంచెం కష్టపడాల్సి వస్తుంది, అది గుర్తుంచుకోండి.

తీయించుకోవడం వేయించుకున్నంత బాధ కాదు. దారం పట్టి మెల్లగా లాగుతారు, రెక్కలు మడుచుకుని బయటికొస్తుంది, దారం కనబడుతుంటే పని క్షణాల్లో అయిపోతుంది. ఒక్క జాగ్రత్త: తీయించుకునే ముందు వారం రోజులు నిరోధ్ వాడండి, లేదా కలవకండి. అప్పటికే లోపలున్న వీర్యకణాలు కాపర్ టీ పోయాక ఊరుకోవు. తీసిన నెలలోనే గర్భం రావచ్చు, కాబట్టి తర్వాత ఏం వాడతారో ముందే తేల్చుకోండి.

మీకైతే నేను ఛాయ గోలీలు ముందు చెబుతాను. హార్మోన్ లేని మాత్ర, పాలకు ఇబ్బంది లేదు, బ్లీడింగ్ తగ్గుతుంది, ఆశా అక్క దగ్గర దొరుకుతుంది. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికొకసారి. నెలసరి కొన్నిసార్లు ఆలస్యమవుతుంది, టెన్షన్ పడకండి, పదిహేను రోజులు దాటితే మాత్రం గర్భం పరీక్ష చేసుకోండి. మూడు నెలలకో అంతర ఇంజెక్షన్ ఇంకో దారి. దాంతో నెలసరి లెక్క తప్పుతుంది, కొందరికి ఆగిపోతుంది. రక్తం తక్కువున్న వాళ్లకు అది మేలే. హార్మోన్ ఉన్న లూప్, మిరెనా లాంటిది, బ్లీడింగ్ బాగా తగ్గిస్తుంది గానీ వేలల్లో ఖర్చు, పైగా వేసేటప్పుడు మళ్లీ అదే బల్ల, అదే నొప్పి. మీ అనుభవం తర్వాత నేను దాన్ని మీకు చివరగానే చెబుతాను.

అత్తమ్మ అంటున్న పిల్లల ఆపరేషన్ తప్పేం కాదు, తెలంగాణలో పెళ్లైన ఆడవాళ్లలో నూటికి 60 మందికి పైగా అదే చేయించుకున్నారు. కానీ మీకు 28 ఏళ్లే, అది మళ్లీ వెనక్కి తిప్పుకోలేని పని. ఒకసారి నొప్పి తట్టుకోలేక, ఇంకోసారి ఇంట్లో మాట పడలేక తీసుకునే నిర్ణయం కాకూడదు. ముందు కాపర్ టీ సంగతి తేలనివ్వండి, రక్తం పెరగనివ్వండి.

ఇంకెవరూ వద్దని ఇద్దరూ గట్టిగా అనుకుంటే మీ ఆయన కూడా ఉన్నాడు. మీకు ఇప్పటికే రెండుసార్లు కడుపు కోశారు. మగవాళ్లకు కోత లేని వేసెక్టమీ అక్కడికక్కడే మత్తు ఇచ్చి పావుగంట, ఇరవై నిమిషాల్లో చేస్తారు, అదే రోజు ఇంటికొస్తారు. "హమాలీ పనోణ్ని, బస్తాలు లేపలేను" అంటాడేమో. రెండు రోజులు విశ్రాంతి, వారం పాటు బరువులు ఎత్తకుండా ఉంటే చాలు, ఆ తర్వాత మిర్చి బస్తా అయినా మోయొచ్చు. మగతనానికీ ఒంటి బలానికీ దాంతో సంబంధం లేదు. అయితే అది చేయించుకున్న మర్నాటి నుంచే పనిచేయదు. మూడు నెలలు నిరోధ్ వాడి, వీర్య పరీక్షలో కణాలు లేవని రిపోర్టు వచ్చాకే మానేయాలి.